తొలి అరగంట వాన

నేను ఒక ఇనుప తలుపుని. ఇంటి తలుపుని కాదు. నన్ను తోసుకుని చుట్టాలు రారు, నాకు ఎవరూ గడియ వేయరు. నీళ్ళకు అడ్డంగా నిలబడే తలుపుని. షట్టరు అంటారు. నాకు రెండు పక్కలా గాడి, మధ్యలో నిలువుగా మర కడ్డీ, దాని నెత్తిన గుండ్రటి చేతిచక్రం. చక్రాన్ని కుడివైపు తిప్పితే దిగుతాను, ఎడమవైపు తిప్పితే లేస్తాను. పూర్తిగా దిగాలంటే అరవై రెండు చుట్లు తిప్పాలి. అందుకని నాకు ఏదీ గబగబా చేయటం రాదు, గబగబా చెప్పటం రాదు. చుట్టుకో మాట చొప్పున వస్తుంది. మీకు తొందరుంటే లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను.

చదువు కూడా లేదు. జీవితమంతా నా ఒంటి మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తూనే ఉన్నారు. సున్నంతో రాశారు, తారుతో రాశారు, పసుపురంగు పెయింటుతో రాశారు. ఒక్క అక్షరం నాకు అర్థం కాలేదు. ఎవరైనా పైకి చదివితే విని తెలుసుకోవటమే.

మా అమ్మ ఒక ఓడ. నిజమే చెబుతున్నాను. విశాఖపట్నం రేవులో ముసలి ఓడను ముక్కలు కోస్తే, పొట్ట దగ్గర రేకు నేను. నీళ్ళను లోపలికి రానివ్వకపోవటమే ఆవిడ పని. చుట్ట నోట్లో పెట్టుకున్న ఒక వెల్డరు నన్ను చదరంగా కోసి, అంచులకు ఇనుప బద్దలు అతికి, వీపు మీద సుత్తితో ఒక్కటిచ్చి, "దీనికి చావు లేదురా" అన్నాడు. ఆ సుత్తి దెబ్బ సొట్ట ఇప్పటికీ ఉంది. చావు సంగతి నాకింకా తెలియలేదు.

ముందు నన్ను పొలాల మీదికి నీళ్ళు వదిలే కాలువ తూముకి బిగించారు. అక్కడ ఇరవై ఆరేళ్ళు ఉన్నాను. పై ఊరివాళ్ళు నన్ను దించమని, కింది ఊరివాళ్ళు ఎత్తమని నా ముందే కొట్టుకునేవారు. తలలు పగిలేవి, పంచెలు ఊడేవి. వాన కురిసిన రోజు మాత్రం రెండు ఊళ్ళవాళ్ళూ నా వైపు చూసేవారు కాదు. మనుషులకు నీళ్ళు తక్కువైనప్పుడే నేను దేవుణ్ణి.

కాలువ మీద షట్టర్లు తిప్పే మనిషిని లస్కరు అంటారు. నా లస్కరు పేరు లండ అప్పలసూరి. అతని తండ్రి కూడా లస్కరే. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. కానీ చక్రం మీద చెయ్యి వేశాడంటే మర గొణగటం మానేసేది. నెలకోసారి మరకు గ్రీజు పూసి గుడ్డతో తుడిచేవాడు. "మెరవాల రా" అనేవాడు నాతో. పెళ్ళికొడుక్కి తల దువ్వినట్టు దువ్వేవాడు.

తరవాత కాలువకు కొత్త సిమెంటు తూములు వచ్చాయి. నన్ను పీకి పాత ఇనుప సామాన్ల కొట్లో పడేశారు. అప్పలసూరి పర్మినెంటు కాదు గనక అతన్ని కూడా ఇంటికి పంపేశారు. సరిగ్గా అప్పుడే ఒక రంగుల కంపెనీకి షట్టరు కావలసి వచ్చింది. కొట్టువాడు నన్ను చూపించాడు. వాళ్ళ మనుషులు నలుగురు చక్రం పట్టుకుని తిప్పారు. నేను కదల్లేదు. కొట్టువాడు అప్పలసూరికి కబురు పెట్టాడు. అతను వచ్చి రెండు చుక్కల నూనె వేసి, ఓ పక్కకు చిన్నగా తట్టి, ఒంటి చేత్తో తిప్పాడు. అలా పాత ఇనుముతో పాటు పాత మనిషిని కూడా కంపెనీ తీసుకుంది.

ఆ కంపెనీ గురించి చెప్పాలి. గచ్చు నేలకి, గడపలకి, పెంకులకి వేసే ఎర్ర రంగు పొడి అక్కడ తయారవుతుంది. ఆ పొడి ఏమిటో తెలిసిన రోజున నా అంచులు నేనే ఒకసారి చూసుకున్నాను. అది తుప్పు. ఇనుప తుప్పే. మాకు ముసలితనంలో పట్టే జబ్బుని వీళ్ళు కావాలని పుట్టించి, మెత్తగా నూరి, సంచుల్లో పోసి అమ్ముతున్నారు. సంచులు చిరుగుతాయి, లారీలు తొక్కుతాయి, పొడి ఆవరణంతా పరుచుకుంటుంది. మనుషుల కనుబొమలు ఎర్రగా ఉంటాయి. కాకులు ఎర్రగా ఉంటాయి. మేనేజరుగారి తెల్ల కారు మాత్రం తెల్లగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని రోజుకు రెండుసార్లు తుడుస్తారు.

వాన పడితే ఆ పొడంతా కరిగి వాన నీటి కాలువలోకి వస్తుంది. ఆ కాలువ ప్రహరీ గోడ కిందనుంచి బయటికి వెళ్ళి గెడ్డలో కలుస్తుంది. మా వైపు వాగుని గెడ్డ అంటారు. కాలువ గెడ్డలో కలిసే చోట, గోడ బయట, గట్టు మీద నన్ను నిలబెట్టారు. ఎందుకంటే కంపెనీకి ఇచ్చిన అనుమతి పత్రంలో అలా ఉంది. వాన మొదలైన తొలి అరగంట నీళ్ళే అన్నిటికన్నా మురికివి. ఆవరణలో ఉన్న పాపమంతా కడిగేది అవే. ఆ అరగంట నన్ను దించి ఉంచాలి. నీళ్ళు పక్కనున్న గుంటలోకి తిరగాలి. గుంటలో పొడి అడుక్కి దిగి, నీళ్ళు తేరి, పరీక్ష చేశాకే గెడ్డలోకి వదలాలి. వాన పడ్డ ప్రతిసారీ ఎన్నింటికి పడింది, నన్ను ఎన్నింటికి దించారు, నీటి రంగేమిటి అని ఒక రిజిస్టర్లో రాయాలి.

వినటానికి ఎంత బాగుందో చూడండి. నాకైతే కళ్ళ నీళ్ళొచ్చాయి. జీవితంలో మొదటిసారి నా గురించి ఎవరో ఆలోచించి రాశారనుకున్నాను.

చిక్కల్లా ఆ గుంటతో వచ్చింది. గుంట నిండితే నీళ్ళు వెనక్కి తన్ని, ఆఫీసు ముందు కార్లు పెట్టే చోటికి చేరేవి. మొదటి వానకే తెల్ల కారు చక్రాలు ఎర్రబడ్డాయి. మేనేజరు ధనుంజయనాయుడుగారు పాంటు మోకాళ్ళ దాకా మడిచి గట్టు మీదికి వచ్చారు.

"ఏమయ్యా సూరీ, ఇదేనా నీ పనితనం? ఎత్తెయ్!"

"తొలి అరగంట దించి ఉంచాలని కాయితంలో ఉందన్నారు గదా బాబూ."

"కాయితంలో ఉన్నది కాయితంలోనే ఉంటుంది. ఎక్కడికీ పోదు. నువ్వు ఎత్తెయ్. ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ఫోను చేస్తా, అప్పుడు దించు."

అప్పలసూరి ఎత్తాడు. ఎత్తుతున్నప్పుడు నా వైపు చూడలేదు. ఎర్రనీళ్ళు నా కిందనుంచి గెడ్డలోకి పోయాయి.

రిజిస్టరు మాత్రం ఎప్పుడూ లోటు లేకుండా ఉండేది. ఆఫీసులో ఒకాయన నెల మొదట్లోనే కూర్చుని నెలంతా నింపేసేవాడు. వాన పడకముందే వాన రిజిస్టరు నిండే కంపెనీ అది. అందులో వానలన్నీ ఉదయం పదిన్నరకు మొదలై పదకొండుకు ఆగేవి. ఆదివారాలు పడేవి కావు. పండగలకు అసలే పడేవి కావు. అంత బుద్ధిమంతురాలైన వానను నేను నా జన్మలో చూడలేదు.

ఇక గెడ్డ సంగతి. నాకు కింద అరమైలు దూరంలో చాకిరేవు ఉంది. పన్నెండు ఇళ్ళవాళ్ళు అక్కడ బట్టలుతుకుతారు. వాళ్ళకు పెద్ద దిక్కు సన్యాసమ్మ. పొడుగాటి మనిషి, ముంజేతులు తెడ్లలా ఉంటాయి. టౌనులో ఒక ఆస్పత్రి దుప్పట్లన్నీ ఆ రేవుకే వస్తాయి. రోజూ వస్తాయి, రోజూ పోతాయి. పన్నెండు ఇళ్ళ పొయ్యిలూ ఆ దుప్పట్ల మీదే వెలుగుతాయి. తెల్లటి దుప్పట్లు. ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ కంపెనీ గేటు ముందుకొచ్చి, తడి దుప్పటి ఒకటి గేటు మీద పరిచింది. సినిమా పాటల్లో నాయిక కట్టుకునే చీర రంగు. లేత గులాబీ.

"ఓ మేనేజరు బాబూ! బయటికి రా! రోగులకి పెళ్ళేటి సేత్తన్నావు? గులాబి దుప్పట్లు పరిసి పడుకోబెడతారేటి ఆల్లని?"

మేనేజరుగారు కిటికీలోంచి చూసి, లేనని చెప్పించారు.

"లేడా? మరి కిటికీ కాడ ఉన్నది ఎవుడు, ఆరి ఫోటోవా?"

నవ్వొచ్చే మాటలే గాని, ఆ రోజు ఆమె నవ్వించటానికి రాలేదు. ఆస్పత్రివాళ్ళు చెప్పేశారట. ఇంకొక్కసారి మరక దుప్పట్లు వస్తే బట్టలు టౌనులో మిషన్ల దగ్గరికి పోతాయి, రేవు మొహం చూడరు. తిరిగి వెళ్తూ ఆమె నా దగ్గర ఆగింది. చక్రం పక్కన అప్పలసూరి తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏరా సూరీ. నీ సేతిలో సెక్రం ఉండీ ఇలా సేత్తావేటి?"

"ఉద్యోగం అప్పా."

మా వైపు అక్కను అప్ప అంటారు. తోడబుట్టినది కాకపోయినా అతను ఆమెను అలాగే పిలిచేవాడు.

"నాకు కాదేటి ఉద్యోగం?" అంది సన్యాసమ్మ. అని వెళ్ళిపోయింది. అప్పలసూరి ఆ పూట అన్నం క్యారేజీ విప్పలేదు.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. అదే గులాబీ దుప్పటి మడత పెట్టుకుని, బస్సెక్కి, కాలుష్యం చూసే ఆఫీసుకు వెళ్ళి ఇంజనీరమ్మ బల్ల మీద పరిచింది. వారం తిరక్కుండా ఆ ఇంజనీరమ్మ వచ్చింది. పేరు నళినీదేవి. చిన్న గొంతు, పెద్ద గొడుగు. జీపు దిగి ముందు నా దగ్గరికే వచ్చింది. నన్ను చూడటానికి జీపు దిగిన మొదటి అధికారి ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పటం మరిచాను. అనుమతి కావాలంటే కంపెనీ ఒక ప్లాను ఇవ్వాలి. వాన నీళ్ళు పాడు కాకుండా ఏమేం చేస్తారో అందులో ఉండాలి. ఆ ప్లాను రాయటానికి ఒకాయన నగరం నుంచి వచ్చాడు. ఆ రోజు తుంపర పడుతోంది. తడుస్తానని ఆయన కారు దిగలేదు. వాన నీటి ప్లాను రాసే మనిషి వానకు భయపడి, అద్దం రెండంగుళాలు దించి, "షట్టరు ఉందిగా? సరే" అని వెళ్ళిపోయాడు. మిగతాదంతా ఎక్కడో చల్లటి దేశంలో ఇంకో ఫ్యాక్టరీకి రాసిన ప్లాను లోంచి దింపేశాడు. వంద పేజీలు వచ్చింది. మేనేజరుగారు బరువు చూసి సంతోషించి సంతకం పెట్టారు.

నళినీదేవి నా పక్కన నిలబడి దాన్ని పైకి చదివింది. "శీతాకాలంలో ఆవరణలో పేరుకున్న మంచును పారలతో తొలగించి, కరిగిన నీరు షట్టరు దాటకుండా చూడవలెను. మంచు పారలు రెండు షట్టరు పక్కన సిద్ధంగా ఉండవలెను." చదివి, చెమట తుడుచుకుని, మేనేజరుగారి వైపు చూసింది. "పారలు ఎక్కడున్నాయండీ?"

ధనుంజయనాయుడుగారు తడుముకోలేదు. "స్టోరులో ఉన్నాయి మేడమ్. సీజను కాదని లోపల పెట్టాం."

ఆవిడ నవ్వలేదు. నవ్వాపుకోవటం నాకు కనిపించింది. నేను మెడ ఎత్తున ఉన్నాను గనక.

తరవాత రిజిస్టరు చూసింది. పేజీలు తిప్పుతూ పోయింది. "మీ వాన ఆదివారం పడదా?"

"మా అదృష్టం మేడమ్."

"అయితే ఈసారి సెలవు రోజు వానకి నేనే వస్తాను. మీ అదృష్టం చూడాలి" అంది. నోటీసు ఇచ్చి వెళ్ళింది. వాన పడినప్పుడు షట్టరు దిగి లేదంటే అనుమతి పోతుంది.

మర్నాటికల్లా నా పక్కన కొత్త స్టాండు, దానికి రెండు పారలు వేలాడాయి. సిమెంటు కలిపే మామూలు పారలే. వాటి మీద నీలం పెయింటుతో "మంచు పార 1", "మంచు పార 2" అని రాయించారట.

"ఇక్కడ మంచు ఎప్పుడు పడతాది బాబూ?" అన్నాడు అప్పలసూరి, నిజంగానే తెలుసుకోవాలని.

"అది నీకెందుకు? ప్లాను మార్చాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ ఆర్నెల్లు. పారలైతే అరగంటలో వచ్చాయి. దుమ్ము పట్టకుండా చూసుకో."

అప్పలసూరి వారానికోసారి మంచు పారల దుమ్ము దులిపేవాడు. ఎండ ముప్పై అయిదు డిగ్రీలుండేది.

అయితే నోటీసు పుణ్యాన ఒక మంచి జరిగింది. మేనేజరుగారు కారుని వేరే చోట పెట్టించి, "వానొస్తే దించు సూరీ, నన్నడక్కు" అన్నారు. అంతే. శ్రావణం, భాద్రపదం వానలన్నిటికీ నేను దిగాను. మబ్బు పట్టగానే అప్పలసూరి చక్రం దగ్గర ఉండేవాడు. అవతల సన్యాసమ్మ కూడా మబ్బు చూడగానే గట్టు ఎక్కి, దూరం నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని, నేను దిగానో లేదో చూసుకుని వెళ్ళేది. ఎర్రనీళ్ళన్నీ గుంటలోకే. గెడ్డ మామూలు బురద రంగులో పారింది. దుప్పట్లు కొంగల్లా తెల్లగా ఆరాయి. మా జబ్బుని మేమే ఆపుకుంటున్నామని నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. గర్వం వచ్చాక ఏమవుతుందో మీకు తెలుసు.

దసరా వచ్చింది. ఆయుధపూజ.

మహర్నవమి రోజు మా దేశంలో మనుషులకు ఒక సరదా ఉంది. ఏడాదంతా తిట్టి, తన్ని, సుత్తితో బాదిన యంత్రాలకు ఆ ఒక్కరోజు కాళ్ళు కడిగి దణ్ణం పెడతారు. బొట్టు పెడతారు. దండ వేస్తారు. ఎదురుగా బూడిదగుమ్మడికాయ పగలగొడతారు. మేం ఒప్పుకుంటాం, ఏం చేస్తాం. పూజ చేసిన పనిముట్టుని మర్నాడు పొద్దున దాకా ముట్టకూడదు. అది వాటికి విశ్రాంతి.

పొద్దున్నే ఆవరణంతా పైపులతో కడిగారు. ప్లానులో చీపురుతో ఊడవాలనే ఉంది, నీళ్ళతో కడగొద్దనే ఉంది. కానీ పండగపూట చీపురుతో ఊడిస్తే అమ్మవారికి ఏం బాగుంటుంది? ఏడాది పొడి అంతా కాలువలోకి వచ్చి చేరింది. ఆ పూటకు నేను దిగే ఉన్నాను, కడిగిన నీళ్ళు గుంటలోకి పోయాయి. కానీ నా వెనక కాలువ అడుగున ఎర్రబురద, కుంకం తడిపి ముద్ద చేసినట్టు, జానెడు మందాన మిగిలిపోయింది.

అప్పుడు అప్పలసూరి ఒక పని చేశాడు. చెడ్డ పని కాదు, అదే బాధ. నేను దిగి ఉంటే మర కడ్డీ సగం కనబడదు. పూజకు నా మర మొత్తం మెరుస్తూ కనబడాలని అతనికి ఆశ. అరవై రెండు చుట్లు ఎడమవైపు తిప్పి నన్ను పూర్తిగా ఎత్తాడు. కొత్త గ్రీజు పూశాడు. పసుపు రాశాడు, బంతిపూల దండ వేశాడు, చక్రానికి పసుపుదారం మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. నా కింద గాడి పక్కన గుమ్మడికాయ పగలగొట్టాడు. మంచు పారలక్కూడా తలో బొట్టు పెట్టాడు. చేతులు జోడించాడు. మేనేజరుగారు కొబ్బరి చిప్ప తీసుకుని ఇంటికి వెళ్ళారు. కంపెనీకి సెలవు.

మధ్యాహ్నం మూడు దాటింది. తూర్పున సముద్రం వైపు నుంచి మబ్బు నల్లగా లేచింది. మా వైపు దసరాకి తుపాను గాలి తిరగటం కొత్త కాదు. మొదటి చినుకు నా నుదుటి కుంకం మీద పడింది. అప్పలసూరి చక్రం దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాడు. పసుపుదారం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంతలో గట్టు మీద సన్యాసమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. తల మీద కొంగు కూడా లేదు. ఆస్పత్రికి దసరా ఉండదు గదా; ఆ రోజు రేవులో రెండు వందల దుప్పట్లు గెడ్డలో నానుతున్నాయి.

"ఒరే సూరీ! వోన ఒచ్చేసినాది. దించవేటి?"

"పూజ సేసీసినాను అప్పా. రేపు పొద్దుటి దాకా ముట్టకూడదు."

"ఎవుడు సెప్పినాడు?"

"మా నాయిన."

"మీ నాయిన పొలం కాలవ కాడ సెప్పినాడురా! అది దిగినా లేసినా పారింది మంచినీల్లే. ఇదేటి పారతాదో నీకు తెల్దా? దించు!"

"అమ్మోరికి కోపం ఒస్తాది అప్పా."

"అమ్మోరి సీరలు ఉతికేదాన్ని నాను. ఏడాదికి నాలుగు తడవలు గుడి మూట నా నెత్తి మీదే ఎల్తాది. ఆవిడికి కోపం ఒస్తే నాకు సెప్పదేటి?"

అతను కదల్లేదు. వాన పెరిగింది. కాలువలో ఎర్రబురద కదలటం మొదలైంది. సన్యాసమ్మ కొంగు నడుముకి దోపింది. అతన్ని భుజంతో పక్కకు నెట్టి చక్రం రెండు చేతులా పట్టుకుంది. జన్మలో షట్టరు తిప్పిన మనిషి కాదు. ఎడమవైపు తిప్పింది. నేను అప్పటికే కొసకు లేచి ఉన్నాను, ఇంకెక్కడికి లేస్తాను? మర కీచుమంది. ఆమె ముంజేతుల బలం అంతా ఇంతా కాదు. ఇంకొక్క పట్టు పడితే నా మర విరిగేది.

"అటు కాదు! అటు కాదప్పా! మర ఇరిగిపోతాది! కుడిపక్కకి!"

ఈ మనిషి భక్తి కొద్దీ ఎర్రనీళ్ళు చూస్తూ ఊరుకున్నాడు గాని, మరను తప్పుగా తిప్పుతుంటే చూడలేకపోయాడు. ఒక్క ఉదుటున వచ్చాడు. నా మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకున్నాడు. "తప్పు కాయమ్మా" అన్నాడు. పళ్ళతో దారం తెంపాడు. కుడివైపు తిప్పసాగాడు.

నేను దిగుతున్నాను. మెల్లగానే. ఏం చెయ్యను, నా పద్ధతి అంతే. జీవితంలో మొదటిసారి నాకు తొందరగా ఉంటే బాగుండుననిపించింది. ముప్పై. నలభై. ఎర్రనీళ్ళు నా అంచుకు తగిలాయి, వెచ్చగా ఉన్నాయి, మా వాసన వేస్తున్నాయి. యాభై. యాభై ఏడు.

ఆగిపోయాను.

అప్పలసూరి బలమంతా పెట్టాడు. లాభం లేదు. నాకూ గాడికీ మధ్య ఏదో మెత్తగా, మొండిగా ఇరుక్కుంది. గుమ్మడికాయ చెక్క. నాకు దిష్టి తీసిన కాయే నాకు అడ్డం పడింది. కింద నాలుగు వేళ్ళ సందు. ఆ సందులోంచి ఎర్రనీళ్ళు నాలుక చాపినట్టు గెడ్డలోకి జారుతున్నాయి. అప్పలసూరి వంగి చెయ్యి పెట్టబోయాడు.

"సెయ్యెట్టకురా! ఇది దిగిపోతే ఏల్లు తెగిపోతాయి!" అంది సన్యాసమ్మ. చుట్టూ చూసింది. ఎదురుగా స్టాండు మీద, బొట్టు పెట్టుకుని, ఒక్కరోజూ పని చెయ్యకుండా దుమ్ము దులిపించుకున్న దొరబాబుల్లా రెండు పారలు. ఒకటి లాగి కాలువలోకి దిగింది. మోకాళ్ళ దాకా ఎరుపు. పార మొన గాడిలో పెట్టి ఒత్తింది. ఒత్తుతూ మేనేజరుగారి వంశాన్ని మూడు తరాలు తలుచుకుంది, అది నేను చెప్పను.

"ఏం పార అది?" అని పైనుంచి చిన్న గొంతు వినపడింది.

పెద్ద గొడుగు. నళినీదేవి. పండగపూట, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గట్టు మీద నిలబడి ఉంది. సెలవు రోజు వానకి వస్తానంది, వచ్చింది.

"మంచు పారండి" అన్నాడు అప్పలసూరి, చక్రం వదలకుండా.

"పని చేస్తోందా?"

"ఇయాలే మొదలెట్టిందండి."

సన్యాసమ్మ ఒక్క తోపు తోసింది. చెక్క ఊడి పడింది. నేను ధబ్బున, అవును, నా జన్మలో మొదటిసారి ధబ్బున, చివరి చుట్లు దిగి నేలకు ఆనుకున్నాను. ఎర్రనీళ్ళు నా ఛాతీకి కొట్టుకుని, ఒక క్షణం ఆలోచించి, గుంట వైపు తిరిగాయి. సన్యాసమ్మ పార అక్కడే వదిలేసి రేవు వైపు పరిగెత్తింది.

నళినీదేవి రెండు సీసాల్లో నీళ్ళు పట్టింది. వాచ్‌మన్ గదిలోంచి రిజిస్టరు తెప్పించి వానలోనే తెరిచింది. ఆ రోజు పేజీ ముందే నింపి ఉంది. "ఆయుధపూజ సెలవు. వాన లేదు" అని చదివింది. ఆమె చదువుతుండగానే గొడుగు అంచునుంచి నీళ్ళు కారి ఆ అక్షరాల మీద పడ్డాయి. సిరా పాకింది. కాసేపటికి "లేదు" పోయి, "వాన" ఒక్కటే మిగిలిందట. ఆవిడే చెప్పింది.

"మీరు చెప్పండి, నేను రాస్తాను" అంది అప్పలసూరితో.

అతను చెప్పాడు. మెల్లగా, ఒక్కో ముక్క. "మూడుంపావుకి మొదలయ్యింది. అప్పుడు షట్టరు ఎత్తి ఉంది. ఎత్తింది నానే. మర మెరుస్తాదని ఎత్తినాను. పూజ సేసినాక ముట్టకూడదనీసి ఊరుకున్నాను. మూడున్నరకి దించినాను. నీటి రంగు..." ఇక్కడ ఆగాడు. "ఎరుపు. రాసీండమ్మా, ఎరుపే."

వేలిముద్ర వేశాడు. ఎర్ర పొడితో వేలు ముందే ఎర్రగా ఉంది, సిరా అక్కర్లేకపోయింది. నాకు తెలిసినంతలో ఆ పుస్తకంలో అదే మొదటి నిజం.

రెండు వందల దుప్పట్లలో ఏడింటికి రంగు పట్టింది. మిగతావి పన్నెండు ఇళ్ళవాళ్ళూ వానలో నిలువునా తడుస్తూ గట్టు మీదికి లాగేశారు. ఏడు దుప్పట్లకు బదులు కొత్తవి ఆ సాయంత్రమే కంపెనీ చేత తెప్పించి ఆస్పత్రికి పంపించింది నళినీదేవి. లెక్క సరిపోయింది, రేవుకి ఏం కాలేదు. ఆ ఏడు గులాబీ దుప్పట్లూ కంపెనీ గెస్టుహౌసులో పరిచారు. ధనుంజయనాయుడుగారు భోజనం చేసి అక్కడే కునుకు తీస్తారు. ఆయనకు అవి చాలా బాగున్నాయట, ఎక్కడ కొన్నారని అడిగారట.

ఆవిడ అప్పలసూరిని ఏమీ అనలేదు. మేనేజరుగారితో మాత్రం నా పక్కన నిలబడే చెప్పింది. "మీ కంపెనీ అంతా ఈ ఒక్క తలుపు మీద, ఈ ఒక్క మనిషి మీద వేలాడుతోంది. పండగొస్తే రెండూ సెలవు పెడతాయి. పొడి మీద వానే పడకపోతే ఈ బాధ ఉండదు. రేకుల షెడ్డు వేయండి. వేసేదాకా అనుమతి లేదు, పొడి నూరే మిల్లు తిరగదు."

షెడ్డు రెండు నెలల్లో వేశారు. మిల్లు ఆగితే మనుషులు ఎంత వేగంగా పని చేస్తారో అప్పుడు చూశాను. కొత్త ప్లాను రాశారు. ఈసారి రాసినాయన కారు దిగి, పాంటు తడుపుకుని, కాలువ వెంట నడిచాడు. మంచు తీసేశారు. కానీ ఒక వాక్యం కొత్తగా చేర్చారు: "షట్టరు గాడి వద్ద గుమ్మడికాయ కొట్టరాదు." అప్పలసూరి అది రెండుసార్లు చదివించుకుని విన్నాడు. ఇలాంటి వాక్యం ఉన్న ప్లాను భూమి మీద ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

పొడి లోపలికి పోయాక నాతో పెద్ద పని లేకపోయింది. బటను నొక్కితే దిగే కొత్త షట్టరు పెట్టారు. దానికి సొట్ట లేదు, మాటా లేదు. నన్ను మళ్ళీ పాత ఇనుము కిందికి పంపబోతుంటే అప్పలసూరి అడిగి తీసుకున్నాడు. అతని ఉద్యోగం కూడా ఆ నెలతో అయిపోయింది. మర, చక్రం విప్పి ఇంట్లో పెట్టుకున్నాడు. రేకుని, అంటే నన్ను, బండి మీద రేవుకి తెచ్చాడు. రేవు పక్కన గెడ్డనుంచి ఒక చిన్న పాయ చీలి, మళ్ళీ గెడ్డలోనే కలుస్తుంది. మూటలతో అది దాటటం కష్టం. దాని మీద నన్ను అడ్డంగా పడుకోబెట్టాడు. ఇన్నాళ్ళు నిలబడ్డాను, ఇప్పుడు పడుకున్నాను. నా మీదినుంచి నడుస్తారు, కిందనుంచి నీళ్ళు పోతాయి. ఎవరికీ అడ్డం లేను.

ఒక్కటే చిన్నతనం. నాకు ముసలితనం వచ్చింది, ఒళ్ళంతా తుప్పు. కొత్త పిల్ల ఎవరైనా తడి దుప్పటి మూట నా మీద దింపబోతే చాలు, సన్యాసమ్మ కేక వేస్తుంది.

"ఒలే! దాని మీద ఎట్టకే! ఎర్ర మరక అంటుకుంటాది!"

ఏ దుప్పట్ల కోసమైతే ఛాతీ అడ్డం పెట్టానో, ఆ దుప్పట్లు నన్ను తాకకూడదు. నాకు నవ్వొస్తుంది. మా ఇంటి జబ్బు నన్నూ వదల్లేదు మరి. ఆమె అన్నది న్యాయమే.

మొన్న మొదటి వాన పడింది. అప్పలసూరి గొడుగు లేకుండా వచ్చి నా అంచున కూర్చున్నాడు. సన్యాసమ్మ తల మీద మూటతో నా మధ్యదాకా వచ్చి, ఆగి, నా కిందికి వంగి చూసింది. పైన కంపెనీ వైపు నుంచి తొలి అరగంట నీళ్ళు వస్తున్నాయి. దోసిట్లో కొంచెం పట్టింది. వెలుతురుకి ఎత్తి చూసింది. అప్పలసూరి నా అంచు మీదినుంచి లేచి నిలబడ్డాడు.

"ఒట్టి బురదేరా" అంది. పారబోసి, మూట సర్దుకుని, రేవులోకి దిగింది.